గర్భిణుల వసతి గదా, వార్మరా, ఆశా కార్యకర్తా? పసిబిడ్డను ఏది బతికిస్తుందో చూసి ఎంచుకోవడం

మా ట్రస్టు చాలా చిన్నది. నారాయణగూడలో ఒకరింటి మేడ మీద గదిలో కలుస్తాం, ఆరుగురం. ఏడాదికోసారి మా ఇళ్ళలోంచి, తెలిసినవాళ్ళ దగ్గరనుంచి కాస్త డబ్బు పోగుచేసి ఏదో ఒక ఆరోగ్య పనికి ఇస్తాం. నిరుడు ఆ డబ్బు పురిటి బిడ్డల కోసం వాడదామని అందరం ఒప్పుకున్నాం గానీ, దేనికివ్వాలన్న దగ్గర పేచీ వచ్చింది. బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దాయన, "ఏజెన్సీలో ఆసుపత్రి పక్కన గర్భిణులు ముందే వచ్చి ఉండేందుకు ఒక గది కట్టిద్దామమ్మా. యాభై ఏళ్ళుంటుంది, బోర్డు మీద పేరూ ఉంటుంది" అన్నారు. పిల్లల వార్డులో చాలాకాలం స్టాఫ్ నర్సుగా చేసిన సభ్యురాలు, "బిడ్డ బతికేది గదిలో కాదు సార్, వార్డులో" అని ఒక్క మాట అని టీ కప్పు అందుకుంది. ఆరోగ్య సర్వేల లెక్కలు చూడటం నా ఉద్యోగం. అందుకని చదివి చెప్పే పని నా మీద పడింది.

మూడు వారాలు చదివాను. ఒక వసతి గదికి వెళ్ళి చూసి కూడా వచ్చాను. మాదాపూర్ కంపెనీల సీఎస్‌ఆర్ టీముల్లో పనిచేసే స్నేహితులు ఇద్దరు ఇదే ప్రశ్న అడిగారు కాబట్టి, నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాను.

గది అంటే ఏమిటో ముందు

అడవిలో, కొండ మీద, వాగు అవతల ఉన్న గర్భిణికి నొప్పులు మొదలయ్యాక బయల్దేరితే ఆలస్యమవుతుంది. అందుకని నెలలు నిండుతుండగానే, రెండు మూడు వారాల ముందే ఆసుపత్రి పక్కకు తెచ్చి ఉంచడం. ఆలోచన ఇంతే. క్యూబాలో 1962 నుంచీ ఇలాంటి ఇళ్ళు ఉన్నాయి. ఆఫ్రికాలో ఇథియోపియా, జింబాబ్వే, జాంబియాల్లో బాగా వ్యాపించాయి. మన పక్కన ఒడిశాలో 'మా గృహ' పేరుతో నడుపుతున్నారు. ఆంధ్రలో సాలూరు వైపు గిరిశిఖర గ్రామాల గర్భిణులకు వసతి గృహం పెట్టారు. తెలంగాణ ఏజెన్సీలోనూ వానలు ముదరక ముందే డేట్ దగ్గరపడిన వాళ్ళను ఆసుపత్రుల దగ్గరికి తరలించడం ఏటా పేపర్లో చూస్తూనే ఉంటాం.

నిజానికి మనకిది కొత్త ఆలోచనేం కాదు. తొలి కాన్పుకు పుట్టింటికి పంపడం కూడా ముందే చేరి కనిపెట్టుకుని ఉండటమే కదా. కాకపోతే అది అమ్మ దగ్గరికి చేరడం, ఆసుపత్రి దగ్గరికి కాదు. హైదరాబాద్‌లో సకల సౌకర్యాల మధ్య చూపించుకున్న అమ్మాయిని తొమ్మిదో నెలలో ఆపరేషన్ థియేటర్‌కు 60 కిలోమీటర్ల దూరాన ఉన్న ఊరికి పంపే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. మా చుట్టాల్లోనే ఉన్నాయి.

అంత పెద్ద తేడా ఎలా వచ్చింది?

వసతి గదుల గురించి ఎవరు మాట్లాడినా మొదట చెప్పేది ఇథియోపియాలోని అట్టాట్ ఆసుపత్రి లెక్క. 1987 నుంచి 2008 వరకు, 22 ఏళ్ళ రికార్డులు తీసి 2010లో ప్రచురించారు. మొత్తం 24,148 కాన్పులు. అందులో 6,805 మంది వసతి గదిలో ఉండి వచ్చినవాళ్ళు, మిగతా 17,343 మంది నేరుగా వచ్చినవాళ్ళు. గదిలో ఉన్నవాళ్ళలో చనిపోయి పుట్టిన బిడ్డలు వెయ్యికి 17.6. నేరుగా వచ్చినవాళ్ళలో వెయ్యికి 191.2.

పదింతలకు పైగా తేడా. ఈ అంకె చూపించగానే పెద్దాయన "ఇంకేం కావాలమ్మా, చెక్కు రాసెయ్యండి" అన్నారు. నేను పెన్సిల్ తీసుకుని ఆ పట్టికనే మళ్ళీ చూపించాల్సి వచ్చింది.

నేరుగా వచ్చినవాళ్ళు అంటే ఎవరు? ఊళ్ళో ఒకటిన్నర రోజు నొప్పులు పడి, బిడ్డ అడ్డం తిరిగి, ఇక లాభం లేదని మోసుకొచ్చినవాళ్ళు అందులో ఉంటారు. వాళ్ళలో కొందరి బిడ్డలు గేటు దాటేసరికే కడుపులో చనిపోయి ఉంటారు. ఊళ్ళోనే సుఖంగా కాన్పయిన వాళ్ళు ఆసుపత్రికి రానే రారు, ఈ లెక్కలోకీ రారు. అంటే రెండో వరుసలో కష్టమైన కేసులు పోగుపడ్డాయి. దాని పక్కన పెట్టి చూస్తే ఏ గదైనా దివ్యంగానే కనిపిస్తుంది.

ఇంకో మెలిక ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. గదిలోకి నెలలు నిండబోతుండగా వస్తారు. ఏడో నెలలోనే నొప్పులొచ్చి కన్న తల్లి ఆ గది గడప తొక్కే అవకాశమే లేదు. పురిటి బిడ్డల మరణాల్లో పెద్ద వాటా నెలలు నిండకుండా పుట్టినవాళ్ళది. వాళ్ళంతా ముందే రెండో వరుసలో పడిపోయారు. గది ఏమీ చెయ్యకపోయినా, మొదటి వరుసలో మరణాలు తక్కువగానే కనిపిస్తాయి.

అలాగని అట్టాట్ లెక్కను కొట్టిపారెయ్యను. గదిలో ఉంచింది రిస్క్ ఉన్న గర్భిణులనే. వాళ్ళకు ఫలితాలు ఇంకా చెడ్డగా ఉండాలి, లేవు. వాళ్ళలో నూటికి 38.5 మందికి సిజేరియన్ అయింది, నేరుగా వచ్చినవాళ్ళలో 20.3 మందికే. అసలు విషయం ఇక్కడుంది. ఆ గదికి నాలుగడుగుల దూరంలో ఆపరేషన్ చేసే డాక్టరు ఉన్నారు, చెయ్యాల్సిన టైముకు చేశారు. జింబాబ్వేలో 1995లో వచ్చిన అధ్యయనంలోనూ ఇలాంటి ఛాయే కనిపిస్తుంది. కడుపుతో ఉన్నప్పుడే రిస్క్ ఉందని తేలిన స్త్రీలు ముందుగా వచ్చి ఉంటే, బిడ్డ కడుపులోగానీ పుట్టిన వారంలోగానీ పోవడం దాదాపు సగానికి తగ్గింది.

కాబట్టి ఎవరైనా గది గురించి అంకె చెబితే, ఎవరితో పోల్చారన్నది మొదట అడగాలి.

ఏ మరణం లెక్కపెట్టారు?

తెలుగులో మనం "బిడ్డ దక్కలేదు" అనేస్తాం. ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు లెక్కలున్నాయి. చనిపోయి పుట్టడం ఒకటి. పుట్టి 28 రోజుల్లోపు పోవడం ఇంకొకటి, దీన్నే నవజాత మరణం అంటారు. చనిపోయి పుట్టడం, పుట్టిన మొదటి వారంలో పోవడం కలిపి చెప్పేది మూడోది, అదే పెరినేటల్ మరణం. అట్టాట్ లెక్క మొదటి దాని గురించి. జింబాబ్వే లెక్క మూడోదాని గురించి. మా ట్రస్టు అడిగిన ప్రశ్న రెండోదాని గురించి. నెట్‌లో దొరికే చాలా కరపత్రాలు మొదటిదాని అంకె తీసుకెళ్ళి రెండోదాని కింద అతికిస్తాయి.

తేడా ఎందుకంత ముఖ్యమంటే, మూడింటి కారణాలు ఒకటి కావు. నొప్పుల సమయంలో ఊపిరాడక పోయే బిడ్డను సమయానికి చేసిన ఆపరేషన్ కాపాడగలదు. అక్కడ ముందే దగ్గరగా ఉండటం పనికొస్తుంది. కిలోన్నర బరువుతో పుట్టి, ఐదో రోజు ఒళ్ళు చల్లబడో, ఇన్ఫెక్షన్ వచ్చో పోయే బిడ్డకు తల్లి కాన్పుకు ముందు ఎక్కడ ఉందన్నదాని కంటే, పుట్టాక ఎవరి చేతుల్లో ఉందన్నదే ముఖ్యం.

2012లో కాక్రేన్ సమీక్ష (ఒక విషయం మీద వచ్చిన వైద్య పరిశోధనలన్నిటినీ పోగుచేసి తూచేది) వసతి గదుల మీద లాటరీ పద్ధతిలో, అంటే ఎవరికి ఇవ్వాలో ఎవరికి వద్దో చీటీ వేసి విడగొట్టి పోల్చిన ట్రయల్ కోసం వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఉన్న ఆధారాలతో ఏదీ తేల్చలేమని రాసింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మారుమూల ప్రాంతాల వాళ్ళకు ఈ గదులు పెట్టవచ్చని సిఫార్సు చేసింది, కానీ షరతులతో. గది ఆసుపత్రికి దగ్గరగా ఉండాలి, ఆ ఆసుపత్రిలో కాన్పు వైద్యం ఉండాలి. ఆధారాల నాణ్యత 'చాలా తక్కువ' అని కూడా అదే సిఫార్సు పక్కన రాశారు. తర్వాత ఇథియోపియాలోనే జిమ్మా ప్రాంతంలో 24 ఆరోగ్య కేంద్రాలను లాటరీ వేసి విడగొట్టి ట్రయల్ చేశారు, 2020లో ఫలితాలొచ్చాయి. కొన్నిచోట్ల గదులు బాగుచేశారు, ఊరి పెద్దలకు శిక్షణ ఇచ్చారు. ఆసుపత్రి కాన్పులు చెప్పుకోదగ్గంత పెరగలేదు. నవజాత మరణాల దాకా వెళ్ళకముందే, మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయిందన్నమాట.

ఆధారం బలహీనంగా ఉందంటే గది పనిచెయ్యదని అర్థం కాదు, పనిచేస్తుందని తేలలేదని అర్థం. పెద్దాయనకు దీన్ని బ్యాంకు భాషలో చెప్పాను. లోను అడిగినవాడు మోసగాడని తేలలేదు, కానీ పూచీకత్తు కాగితాలు లేవు. "అయితే వడ్డీ ఎక్కువ వెయ్యాలి" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. గదికి ఇచ్చే డబ్బుకు షరతులు ఎక్కువ పెట్టాలి.

గది పక్కన ఏముంది?

హైదరాబాద్ వాళ్ళకు ఇది చెప్పడానికి ఇథియోపియా దాకా వెళ్ళక్కర్లేదు. రాకుమారి నీలోఫర్ ఉన్నది ఈ నగరంలో, రాజకుటుంబంలో. 1949లో ఆమె దగ్గర పనిచేసే యువతి కాన్పులో చనిపోయింది. ఆ బాధలోంచి వచ్చిన ఆలోచనతోనే స్త్రీలకు, పిల్లలకు ఒక ఆసుపత్రి కట్టించారు, 1953లో మొదలైంది. అదే నీలోఫర్ ఆసుపత్రి. చనిపోయిన ఆ అమ్మాయి ఉన్నది ఏ అడవిలోనో కాదు. దూరం ఆమె సమస్య కాదు, అందాల్సిన వైద్యం అందకపోవడమే సమస్య.

ఆసుపత్రి ఉన్నా లోపల సరిగా లేకపోతే ఏమవుతుందో మన దేశమే పెద్ద ఎత్తున చూసింది. 2005లో జననీ సురక్ష యోజన వచ్చి, ఆసుపత్రిలో బిడ్డను కంటే డబ్బిస్తామనగానే కాన్పులు ఆసుపత్రులకు మళ్ళాయి. మరణాలు తగ్గాయా? 2010లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ, ఒక పద్ధతిలో లెక్కిస్తే నవజాత మరణాలు వెయ్యికి 2.3 తగ్గాయంది. అదే పరిశోధకులు జిల్లాలను జిల్లాలతో పోల్చి చూస్తే ఆ తగ్గుదల స్పష్టంగా కనబడలేదు. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాలు తీసుకుని, సగంచోట్ల కాన్పు చేసే నర్సులకు చెక్‌లిస్ట్ ఇచ్చి, పక్కనే ఉండి నేర్పించారు. లక్షన్నరకు పైగా కాన్పుల ట్రయల్, 2017లో ఫలితాలు. చేతులు కడుక్కోవడం లాంటి పద్ధతులు మెరుగయ్యాయి. మరణాలు, తీవ్ర ఇబ్బందులు కలిపి చూస్తే చెక్‌లిస్ట్ ఇచ్చినచోట 15.1 శాతం, ఇవ్వనిచోట 15.3 శాతం. తేడా లేనట్టే. గుమ్మం దాకా తీసుకురావడం, లోపల కాగితం అంటించడం, రెండూ కలిసినా చాలలేదు.

మరి లోపల ఏది పనిచేసింది? నేను చదివినవాటిలో అన్నిటికంటే గట్టి ఆధారం ఉన్నది ఖరీదైన యంత్రానికి కాదు, తల్లి రొమ్ముకు. 2021లో వచ్చిన ట్రయల్ ఇది. మన దేశంతో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో చేశారు. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన 3,211 మంది బిడ్డలు. సగం మందిని పుట్టిన వెంటనే తల్లి ఛాతీకి ఆనించి కట్టారు, కంగారూ కేర్ అంటారే, అది. మిగతావాళ్ళకు ఎప్పటిలా, బిడ్డ నిలదొక్కుకున్నాక మొదలుపెట్టారు. 28 రోజుల్లో మొదటి గుంపులో 12 శాతం పోయారు, రెండో గుంపులో 15.7 శాతం. అంటే 27 మంది బిడ్డలను అలా వెంటనే కడితే ఒక ప్రాణం అదనంగా దక్కుతుంది. ఇది లాటరీ వేసి పోల్చిన లెక్క, నవజాత మరణాల లెక్క. నా రెండు ప్రశ్నలకూ సమాధానం ఉంది.

కానీ దీనికి ఒక షరతుంది. తల్లి మంచం బిడ్డల ఐసీయూ లోపలే ఉండాలి. కింద పోస్ట్‌నేటల్ వార్డులో అమ్మ, మూడో అంతస్తులో బిడ్డ అయితే కుదరదు. వాలుగా కూర్చునే కుర్చీ, తెర, తల్లికి అన్నం, ఆమెకూ బీపీ చూసే నర్సు కావాలి. ఇవేవీ కోట్ల వ్యవహారం కాదు.

నెలలు నిండక ముందే నొప్పులొస్తే తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కథ కూడా ఇలాంటిదే. 2020లో వచ్చిన ట్రయల్‌లో, మన దేశం సహా ఐదు దేశాల్లో సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో ఇస్తే నవజాత మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. అంతకుముందు 2015లో, గ్రామ స్థాయి వైద్యంలో విస్తృతంగా ఇచ్చినప్పుడు మేలు జరగకపోగా పసివాళ్ళ మరణాలు పెరిగాయి. అదే సూది, ఇచ్చిన చోటు వేరు.

యంత్రాలిస్తే చాలు కదా అనేవాళ్ళకు మా ట్రస్టు చేసిన తప్పు చెప్పాలి. నాలుగేళ్ళ కిందట ఒక ఆసుపత్రికి రెండు వార్మర్లు, అంటే పసిబిడ్డను వెచ్చగా ఉంచే యంత్రాలు, ఇచ్చాం. ఫొటోలు దిగాం. ఎనిమిది నెలల తర్వాత వెళ్తే ఒకదానికి ప్లాస్టిక్ కవర్ అలాగే ఉంది. దాని పక్కన ప్లగ్ పాయింటే లేదు. రెండోదాని ప్రోబ్ పోయింది, బిడ్డ ఒంటికి అంటించే ఆ సన్నటి వైరు. కొత్తది కొనడానికి ఎవరి సంతకం కావాలో ఎవరికీ తెలియలేదు. తప్పు వాళ్ళదొక్కటే కాదు. ఇచ్చేముందు గోడ చూడనిది మేం.

ఇంటింటికీ తిరిగే మనిషి

ఆధారాల్లో దీని బలం పాతదీ, మనదీ. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే గడ్చిరోలి జిల్లా. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సంస్థ 39 ఊళ్ళలో గ్రామ మహిళలకు పసిబిడ్డల సంరక్షణ నేర్పి ఇంటికే పంపింది, 47 ఊళ్ళతో పోల్చింది. 1999లో ఫలితాలు ప్రచురించారు. నవజాత మరణాలు 62 శాతం తగ్గాయి. ఈ రోజు మన ఆశా కార్యకర్త ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూడటానికి రావడం వెనక ఉన్నది ఆ పనే.

అయితే 62 శాతాన్ని ఇవాళ్టి తెలంగాణకు తెచ్చి పెట్టకూడదు. అప్పుడు గడ్చిరోలిలో కాన్పులు ఎక్కువగా ఇళ్ళలో, బిడ్డల మరణాలు వెయ్యికి 60 పైమాట. మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే ఆసుపత్రి కాన్పులు 97 శాతం, నవజాత మరణాలు వెయ్యికి 16.8. పండేదంతా పండాక మిగిలిన చేలో పరిగె ఏరుకున్నట్టు, ఇక్కడ ప్రతి ఒక్క ప్రాణానికీ శ్రమ ఎక్కువ. దగ్గరి కాలపు ఆధారం కావాలంటే 2019లో హర్యానా ట్రయల్ ఉంది. 8,402 మంది తక్కువ బరువు బిడ్డల్లో సగానికి కాస్త పైగా బిడ్డల ఇళ్ళలో కంగారూ కేర్ నేర్పి మిగతావాళ్ళతో పోలిస్తే 28 రోజుల్లోపు మరణాలు 30 శాతం తగ్గాయి. జార్ఖండ్, ఒడిశా గిరిజన పల్లెల్లో ఆడవాళ్ళ సంఘాల సమావేశాల వల్ల 32 శాతం తగ్గిందని 2010లో తేలింది. రెండూ లాటరీ వేసి పోల్చినవే.

బండి సంగతి క్లుప్తంగా చెప్తాను. 108 పుట్టింది హైదరాబాద్‌లోనే, 2005 ఆగస్టు 15న. గర్భిణుల కోసం 102 కూడా ఉంది. రోడ్డున్న చోట గదికంటే బండి నయం, తల్లి ఇల్లు విడిచి ఉండక్కర్లేదు. రోడ్డే లేక డోలీ కట్టే చోట, వాగు పొంగితే మూడు రోజులు దాటలేని చోట బండి ఒడ్డునే ఆగిపోతుంది. గదికి న్యాయమైన చోటు అదే.

ఎనిమిది మంచాలు, ఇద్దరు మనుషులు

నేను చూసిన గది గురించి. ఊరి పేరు వద్దు. ఆసుపత్రి కాంపౌండులోనే ఉంది, కొత్త సున్నం. ఎనిమిది ఇనప మంచాలు. మనుషులు ఇద్దరే, ఇద్దరూ కింద చాప మీదే కూర్చున్నారు. వెనక మూడు రాళ్ళ పొయ్యి మీద ఒక అత్తగారు అన్నం వండుతోంది. లోపల గ్యాస్ పొయ్యి ఉంది, సిలిండర్ అయిపోయి నెలయిందట. గోడ క్యాలెండర్ మీద ఒకామె డేట్ చుట్టి ఉంది. రెండు చోట్ల చుట్టి ఉంది. ఒకటి స్కానింగ్ డేట్, ఇంకొకటి ఆమె చెప్పిన నెలసరి ప్రకారం ఏఎన్‌ఎం వేసిన డేట్. రెంటికీ మధ్య 17 రోజులు. ముందు డేట్ చూసి తెచ్చారు, అప్పటికే ఇరవై రోజులైంది.

"ఇంటి కాడ చిన్నోడున్నడు మేడం. నేను లేకుంటె పండడు" అంది. ఆ తర్వాత అడక్కుండానే, "పత్తి కూడ ఏరాలె" అంది.

ఖాళీ మంచాలకు కారణం నాకు అక్కడే దొరికింది. ఇరవై రోజుల కూలి పోవాలి, పెద్దబిడ్డను ఎవరికో అప్పగించాలి, తోడొచ్చిన మనిషికి తిండి పెట్టాలి. తొలి మూడు నెలల్లోనే స్కానింగ్ అయితే డేట్ చాలావరకు సరిగ్గా వస్తుంది, అప్పుడు ఎదురుచూపు పది పన్నెండు రోజులకు తగ్గుతుంది. అంటే గది నిండాలన్నా దాని కీలకం ఏడు నెలల ముందే, ఊళ్ళో ఉంది. వారం తర్వాత ఫోన్ చేస్తే ఆమె సంతరోజు ఇంటికెళ్ళిపోయిందనీ, రాత్రి 108లో తిరిగొచ్చిందనీ, ఆడపిల్లనీ చెప్పారు. ఇద్దరూ బాగున్నారు. ఈ ఒక్క కథతో గదికి అనుకూలంగాగానీ వ్యతిరేకంగాగానీ ఏమీ రుజువు కాదు.

అయితే దేనికివ్వాలి?

హైదరాబాద్ బస్తీల కోసమైతే వసతి గది ఆలోచన వదిలెయ్యండి. ఇక్కడ కోఠి, పేట్లబురుజు, నీలోఫర్, గాంధీ ఉన్నాయి. కిలోమీటర్లు సమస్య కాదు. మన రాష్ట్రంలో సిజేరియన్లు అదే 2019-21 సర్వే ప్రకారం 60.7 శాతం, అప్పటికి దేశంలోనే ఎక్కువ. ఆపరేషన్ అందకపోవడం మన నగరపు బాధ కాదు, అవసరం లేనివి చెయ్యడం బాధ. ఇక్కడ డబ్బు తక్కువ బరువు బిడ్డల తల్లుల మీద పెట్టాలి: ఐసీయూలో తల్లికి కుర్చీ, రోజూ భోజనం, డిశ్చార్జి అయ్యాక ఇంటికి ఫోన్ చేసి, వెళ్ళి చూసే మనిషి జీతం. జిల్లాల నుంచి బిడ్డను తెచ్చి ఐసీయూలో పెట్టినవాళ్ళకు పడుకునే చోటు ఇస్తే అదీ మంచి పనే, కాకపోతే అది కాన్పు ముందు గది కాదు, కాన్పు తర్వాత గది. కంగారూ కేర్ ఆధారం చూస్తే దీనికే నా ఓటు.

జిల్లా కేంద్రాలకూ, రోడ్డున్న మండలాలకూ వార్డు, ఆశా కార్యకర్త. గది మూడో స్థానం.

అడవి, కొండ, వాగు ఉన్న చోట గది మొదటి వరుసలోకి వస్తుంది. అక్కడ కూడా గోడలకు ముందు కొన్ని అడగండి. రాత్రి రెండింటికి సిజేరియన్ చేస్తారా, ఎవరు చేస్తారు, వాళ్ళు ఎక్కడ ఉంటారు? మత్తు డాక్టరు ఉన్నారా? రక్తం ఎక్కడినుంచి వస్తుంది? చిన్న పిల్లల వార్డులో రాత్రి షిఫ్టుకు ఎంతమంది నర్సులు? గత మూడు నెలల్లో ఎంతమంది గర్భిణులను పైకి రెఫర్ చేశారు? చివరిదాని రిజిస్టరు చూపించమనండి. వచ్చినవాళ్ళలో చాలామందిని మళ్ళీ 80 కిలోమీటర్లు పంపుతుంటే ఆ గది తప్పు చోట ఉంది. ఎదురుచూడాల్సింది ఆ 80 కిలోమీటర్ల అవతల.

ఇచ్చాక ఏడాది తిరక్కుండా "ఎన్ని ప్రాణాలు కాపాడాం" అని అడగొద్దు. ఒక గది ద్వారా ఏడాదికి 300 కాన్పులయ్యాయనుకుందాం. రాష్ట్ర సగటున వాటిలో ఐదుగురు బిడ్డలు పోవచ్చు. ఒక ఏడు ముగ్గురు, ఇంకో ఏడు ఏడుగురు కావచ్చు, అది గది గొప్పా కాదు, గది తప్పూ కాదు. దానికి బదులు మంచాలు ఎన్ని రోజులు నిండాయి, ఎవరు మధ్యలో వెళ్ళిపోయారు, ఎందుకు వెళ్ళారు, వచ్చినవాళ్ళలో నిజంగా దూరపు ఊళ్ళవాళ్ళు ఎందరు అని అడగండి. ఆసుపత్రి పక్క వీధి వాళ్ళతో గది నిండితే రిజిస్టరు బాగుంటుంది, అంతే.

ఇక మీ ఇంట్లోనే ఎవరైనా గర్భిణి ఉండి, పురుడు దూరపు ఊళ్ళో అనుకుంటుంటే, ఈ ట్రయళ్ళన్నీ పక్కన పెట్టి డాక్టరును ఒకటే అడగండి: మా అమ్మాయికి రిస్క్ ఉందా? బీపీ, కవలలు, పాత ఆపరేషన్, అడ్డంగా ఉన్న బిడ్డ, ఇలా ఏదైనా ఉందంటే డేట్‌కు ముందే ఆసుపత్రికి దగ్గరగా చేరండి, అమ్మనే ఇక్కడికి పిలిపించుకోండి. రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా, కళ్ళు బైర్లు కమ్మే తలనొప్పి వచ్చినా డేట్ కోసం ఆగొద్దు.

మా ట్రస్టు చివరికి గోడలు కట్టలేదు. నేను చూసిన ఆ గదికే ఏడాదిపాటు వంటమనిషి జీతం, గ్యాస్, తల్లితో వచ్చే చిన్నపిల్లలకు పాలు, తోడొచ్చిన మనిషికి భోజనం ఇచ్చాం. చిన్నోడిని కూడా వెంట తెచ్చుకోవచ్చని ఏఎన్‌ఎంలతో ఊళ్ళలో చెప్పించాం. మిగిలినదాంతో నగరంలో ఒక బిడ్డల ఐసీయూకి ఆరు వాలుకుర్చీలు. ఈసారి కుర్చీలు పట్టే జాగా ఉందో లేదో నర్సమ్మ ముందే టేపు పెట్టి కొలిచింది. పెద్దాయన ఒప్పుకున్నారు గానీ, పాల ప్యాకెట్ మీద పేరు ఎక్కడ రాయాలని ఇప్పటికీ అడుగుతున్నారు.